ముప్పై ఏడో గొట్టం

నడిమికుప్పం, తడ మండలం
16 జూన్ 2024

అమ్మణ్ణీ వనజాక్షికి,

నీ ఒళ్లు ఎట్టుండాది? పోయిన నెల జలుబన్నావే, అది ఛాతీలోకి దిగలేదు గదా? నీతో గదిలో ఉండే షాహనాకి కడుపులో మంట తగ్గిందా? పచ్చిమిరపకాయలు తినబాకని నేను చెప్పినట్టు చెప్పు. మీ హాస్టలు వంటామెకి కాలు విరిగిందన్నావు, కట్టు విప్పినారా? మీ పెద్దసారుకి షుగరు ఎంతుంది? మనిషి మంచోడంటివి, మంచోళ్లకే ముందు వస్తాయి ఇట్టాంటివి. గేటు దగ్గర కుంటికుక్క ఉండేదే, అది ఉందా పోయిందా?

ఇక్కడ మీ మామ మాల్యాద్రికి నడుం నొప్పి. మీ అత్తకి కన్ను అదురుతా ఉంది. ఎడమ కన్నే, మంచిదంటారు, అయినా నాకు భయమే. నా గుండె దడ మామూలే.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నీ మాట నా చెవికి అందదు. మీ మామ స్పీకరు పెడతాడు, అప్పుడు నాకు తప్ప కుప్పమంతటికీ అందుద్ది. సారా వద్దని ఆడోళ్లం తిరిగిన కాలంలో రాత్రిబడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఇందుకన్నా పనికిరానీ. నువ్వు కూడా కాగితం మీదే రాయి.

సంగతేందంటే, నువ్వు పనిచేసే ఆ పరిశోధన ఆఫీసోళ్లు వచ్చిపోయినారు. మన ఊరి పేరు నువ్వే చెప్పినావంట. బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నారు. మంచి పిల్లలే. ఒక్కొక్కరికీ ఒక గొట్టం ఇచ్చి దాంట్లో ఉమ్మమన్నారు. ఉమ్మి ఎందుకయ్యా అంటే, ‘మ్యుటేషన్లు చూస్తామవ్వా, మీ ముత్తాతల ముత్తాతలు యాడ నుంచి వచ్చినారో దాంట్లో తెలుస్తుంది’ అన్నాడు కళ్లజోడు అబ్బాయి. ఆ మాట వినంగానే నాకు మన ఇంటి జాగా గుర్తొచ్చింది.

నీకు తెలుసు గదా, మీ తాత పోయినాక ఈ ఇంటి జాగా మీ మామ పేరుకి మార్చమని అర్జీ పెట్టి ఉండాం. మ్యుటేషన్ పెండింగులో ఉందని మీ మామ రోజూ అంటానే ఉంటాడు. ఇప్పుడు మ్యుటేషన్‌కి ఉమ్మి కూడా అడుగుతుండారా? మా పుట్టిల్లు పళవేర్కాడు, తమిళం వైపు అని తేలితే ఈ జాగా మనకి ఉంటుందా? పడుకుని లేచేలోపు నెల్లూరు జిల్లావోళ్లం తిరుపతి జిల్లావోళ్లం అయిపోయినాం. ఇంకో పొద్దు లేచేలోపు మీరు ఈ ఊరోళ్లే కాదంటే యాడికి పోతాం?

ఇయ్యకపోతే అనుమానం వస్తుందని నేనూ వరసలో నిలబడినా. నోట్లో ఆకువక్క ఉంది, కడుక్కుని అర్ధగంట ఆగి రమ్మన్నారు. గొట్టం ఇంటికి తెచ్చుకుని, తర్వాత తీసుకుపోయి ఇచ్చినా. నా నంబరు ముప్పై ఏడు. దాన్ని కాస్త చూసుకో అమ్మణ్ణీ.

జడ మరీ బిగించి వేసుకోబాక, తలనొప్పి వస్తుంది.

నీ మీదే ధ్యాస పెట్టుకుని ఉండే
అవ్వ నాగులమ్మ


హైదరాబాదు
27 జూన్ 2024

అవ్వా,

జలుబు పోయింది. షాహనాకి బాగుంది, పచ్చిమిరపకాయలు మాత్రం మానలేదు. వంటామె కట్టు విప్పారు. పెద్దసారు షుగరు ఎంతో నేను అడగలేను, ఉద్యోగం పోతుంది. కుక్క ఉంది, లావైంది కూడా.

ఆ మ్యుటేషన్ వేరు, మా మ్యుటేషన్ వేరు. పేరొక్కటే కలిసింది.

నువ్వు వల అల్లుతావు గదా. మీ అమ్మ అల్లిన వల ముందు పెట్టుకుని, దాన్ని చూసి అట్లాగే అల్లావనుకో. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎక్కడో ఒక తప్పు ముడి పడుతుంది. నీ వల చూసి మా అమ్మ అల్లితే నీ తప్పు ముడి ఆ వలలోకీ వస్తుంది, దానికి తోడు తనది ఇంకొకటి పడుతుంది. తల్లిదండ్రుల ఒంట్లో ఉన్న రాత బిడ్డలోకి దిగేటప్పుడు కూడా అంతే. అట్లా పడిన ముడులనే మ్యుటేషన్లంటారు. చాలావాటితో మంచీ లేదు, చెడ్డా లేదు, ఊరికే ఉంటాయి. ఇద్దరి ఒంట్లో ఒకే ముడులు ఎన్ని ఉన్నాయో చూస్తే, వాళ్ల పూర్వీకులు ఎన్ని తరాల కింద ఒకటో చెప్పొచ్చు. ఊరందరిలో అవే ముడులు కనపడితే ఒకప్పుడు ఆ ఊరికి మూలం కొద్దిమందేనని అర్థం. ఉప్పెనకో కరువుకో జనం తగ్గిపోయి మళ్లీ పెరిగినా ఆ గుర్తు ఉండిపోతుంది.

రాజుల గురించి చెప్పడానికి రాళ్ల మీద శాసనాలున్నాయి. వల వేసేవాళ్ల గురించి ఎవరు చెక్కారు? అందుకే మన ఊరి పేరు చెప్పాను. మనం ఎప్పుడొచ్చాం, ఎక్కడి నుంచి వచ్చాం, ఎవరితో కలిశాం అనేది మన ఒళ్లే రాసి పెట్టుకుంది. కాగితం అబద్ధం చెప్పొచ్చు అవ్వా, ఇది చెప్పదు.

జాగాతో దీనికి ఏ సంబంధమూ లేదు. పేర్లు కూడా ఉండవు, నంబర్లే. నువ్వు భయపడకు. మన ఇంటి తరఫున నేనూ నా ఉమ్మి ఇచ్చాను.

నీ
వనజ


నడిమికుప్పం
9 జూలై 2024

అమ్మణ్ణీ,

అందరూ కులాసా అని రాసినావు, సంతోషం. లావైన కుక్కకి నీళ్లరోగమేమో చూడండి.

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివినా. ధైర్యం చెప్పినావు, చదివే కొద్దీ నాకు చెమట పట్టింది. కాగితం అబద్ధం చెప్పొచ్చు, ఇది చెప్పదు అంటివి. మనం ఎప్పుడొచ్చామో యాడ నుంచి వచ్చామో అంతా బయటపడుద్ది అంటివి. నేను భయపడేది దానికే గదా తల్లీ. పేరుండదు, నంబరే అన్నావు. ఆధారు కార్డులో ఉండేది కూడా నంబరే, దాంతో మనిషిని పట్టుకోడం లేదా?

ఇంకొకటి అడగాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినా. తప్పు ముడి అని రాసినావు. నా నుంచి మీ అమ్మకి తప్పు ముడి దిగిందని రాసినావు. మన ఇంట్లో అట్టాంటిది లేదు అమ్మణ్ణీ. మీ తాత తాగినాడు, కొట్టినాడు, అయినా నేను గాని నా కూతురు చెంచమ్మ గాని ఒకరి నోట్లో పడింది లేదు. మీ అమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఎవరన్నా నీకేమన్నా చెప్పినారా? బిట్రగుంటలో మీ నాయన గాని, ఆయన రెండో భార్య గాని ఏమన్నా అన్నారా? అన్నా నమ్మబాక. పాతవి తవ్వబాక. మట్టే వస్తుంది.

వానలు సరిగ్గా పడలేదు, పులికాటులో రొయ్య తగ్గింది. ఎండు రొయ్యలు కొనే జమాల్‌బీ మాత్రం సూళ్లూరుపేట నుంచి వారం వారం వస్తానే ఉంది. ‘నీ మనవరాలు ఉమ్మి చదివే చదువు చదివిందా వదినా? మా చిన్నప్పుడు ఉమ్మితే వీపు పగిలేది’ అంటుంది. దానికన్నీ నవ్వులాటే.

నా ముప్పై ఏడుని ఎవరూ చూడకుండా పక్కన పెట్టడానికి కుదురుద్దా? కనుక్కుని రాయి. వద్దులే, కనుక్కోబాక, అడిగితే ఎందుకని అడుగుతారు.

అవ్వ


హైదరాబాదు
21 ఆగస్టు 2024

అవ్వకు,

నాకు కొన్ని సంగతులు తెలియాలి. అమ్మ ఎక్కడ పుట్టింది? కాన్పు ఎవరు చేశారు? ఆ వేళకు పక్కన ఎవరెవరు ఉన్నారు? ఆస్పత్రి కాగితం గానీ పంచాయతీ కాగితం గానీ ఏమన్నా ఉందా?

నాకు తెలిసిందే మళ్లీ రాసినా పర్వాలేదు. ఉన్నది ఉన్నట్టు రాయి. మామకు చెప్పొద్దు.

వనజాక్షి


నడిమికుప్పం
29 ఆగస్టు 2024

వనజాక్షికి,

నా గుండె దడ గురించి అడగలేదు. నీ గురించి ఒక్క ముక్క లేదు. స్టేషన్లో అడిగినట్టు అడిగినావు. నాకు అర్థమైంది. నీ పక్కన ఎవరో నిలబడి రాయించినారు. విచారణ మొదలైంది. నువ్వు కంగారు పడబాక, నేను జవాబు పద్ధతిగానే రాస్తుండా. అడిగినోళ్లకి ఇదే చూపించు.

నా కూతురు చెంచమ్మ నడిమికుప్పంలో, ఇదే జాగాలో, ఇదే ఇంట్లో పుట్టింది. కాన్పు చేసింది మంత్రసాని ఎస్తేరమ్మ. ఆమె పోయి శానా కాలమైంది, అడగడానికి లేదు. మేము తరతరాలుగా ఈ ఊరోళ్లం. పళవేర్కాడుతో మాకే సంబంధమూ లేదు. పడవ మాట ఏమీ లేదు. చెంచమ్మ పడవలో పుట్టిందని మనవరాలికి చిన్నప్పుడు నేను చెప్పి ఉంటే అది అన్నం తినిపించడానికి చెప్పిన కథ. కాగితాలన్నీ తుఫానులో పోయినాయి.

ఇదే నిజం. సంతకం చాలదేమోనని వేలిముద్ర కూడా వేసినా.

నాగులమ్మ

వేళకి తింటుండావా?


హైదరాబాదు
14 సెప్టెంబరు 2024

అవ్వా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చించేశాను.

నా చేత ఎవరూ రాయించలేదు. ఏ విచారణా లేదు. నేనే అడిగాను, నా కోసం అడిగాను.

ఐదేళ్లప్పుడు అమ్మ పోతే నన్ను పక్కలో వేసుకుని రోజూ ఆ పడవ కథే చెప్పేదానివి. పళవేర్కాడు పుట్టింటి నుంచి వస్తుంటే నడిమధ్యలో నొప్పులొచ్చాయని, మీ అమ్మ పడవ తోసే గెడ వదిలేసి నిన్ను పట్టుకుందని, పుట్టిన బిడ్డని ఆ ఉప్పునీళ్లతోనే కడిగారని, అందుకే మా అమ్మకి కూరలో ఉప్పు ఎక్కువ కావాల్సి వచ్చేదని. నాకు అమ్మ గురించి ఉన్నది ఆ ఒక్క కథే. అది అన్నం తినిపించడానికి చెప్పిందన్నావు. వేలిముద్ర వేసి మరీ చెప్పావు.

సరే, నేనూ దాచను. రూలు ప్రకారం ఎవరి నంబరు ఎవరిదో మేం చూడకూడదు. నీది ముప్పై ఏడని నువ్వే రాశావు. దాన్నీ నాదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. అమ్మమ్మకీ మనవరాలికీ దాదాపు పావు వంతు కలవాలి. తల్లి నుంచి బిడ్డకి మాత్రమే దిగే ముడులు కొన్ని ఉంటాయి, అవైతే నీవీ నావీ అచ్చం ఒకటే ఉండాలి. కలవలేదు అవ్వా. ఈ తీరంలో ఎవరికి ఎవరితోనైనా కలిసే ఎప్పటివో పాతవి కొన్ని తప్ప, ఏమీ కలవలేదు. పొరపాటేమోనని మళ్లీ చేశాను. అదే వచ్చింది.

నీకూ నాకూ రక్తసంబంధం లేదు.

అమ్మని నీకు ఎవరిచ్చారు? లేక నన్నే అమ్మకి ఎవరన్నా ఇచ్చారా? తప్పు ముడి అంటే నువ్వు ఎందుకు అంత ఉలిక్కిపడ్డావో ఇప్పుడు అర్థమవుతోంది. చెప్తే వదిలిపోతానని భయపడుతున్నావేమో. పోను. పోవడానికి నాకు ఎవరున్నారు? కానీ నేనెవరినో తెలియకుండా రోజూ పొద్దున్నే వెళ్లి ఊళ్లోవాళ్ల పుట్టుపూర్వోత్తరాలు చూడలేకపోతున్నాను.

వనజ


నడిమికుప్పం
20 సెప్టెంబరు 2024

అది నా ఉమ్మి కాదు.

ముందు ఈ ముక్క చదువుకో అమ్మణ్ణీ. చదివి, నీళ్లు తాగి, కూర్చుని మిగతాది చదువు.

ఆ రోజు గొట్టం పట్టుకుని ఇంటికొచ్చి నోరు కడుక్కుని అరుగు మీద కూలబడినా. జమాల్‌బీ రొయ్యలు తూకం వేసుకుంటా ఉంది.

‘ఏంది వదినా, గొట్టంలో పామున్నట్టు చూస్తుండావు?’ అంది.

‘దీంట్లో ఉమ్మితే మ్యుటేషన్ తేలుద్దంట. మనం యాడోళ్లమో చెప్పేస్తారంట’ అన్నా.

‘అంతేనా? ఇట్టా తే. నాకు జాగా లేదు, మ్యుటేషన్ లేదు. అద్దింట్లో ఉండేదాన్ని, నన్ను యాడ నుంచి లేపుతారు? నా ఉమ్మితో నీ ఇల్లు నిలబడితే నాకూ ఇంత పుణ్యం.’

అని గీత దాకా ఉమ్మి, మూత బిగించి నా చేతిలో పెట్టింది. నేను తీసుకుపోయి ఇచ్చినా. వాళ్లిచ్చిన బిస్కెట్లలో సగం దానికే పెట్టినా. నీకూ జమాల్‌బీకీ రక్తసంబంధం ఎట్టా ఉంటుంది తల్లీ?

ఇంత చదువుకుని ఎంత మాట రాసినావు. ఆ కాగితం పట్టుకుని నేను గడప మీదే కూర్చుండిపోతే మీ అత్త చూసి ఎవరన్నా పోయినారేమోనని ఏడుపు ఎత్తుకుంది.

మీ అమ్మ పడవలోనే పుట్టింది. నీకు రోజూ చెప్పిందే నిజం. పులికాటు నీళ్లల్లో సగం తమిళం వాళ్లది సగం మనది, ఆ వేళకి పడవ ఏ సగంలో ఉందో మాకు తెలియదు. ఆ సంగతి ఆఫీసులో తెలిస్తే నా కూతురు యాడా పుట్టనట్టు రాసేస్తారేమోనని ఇంట్లో పుట్టిందని రాసినా. నువ్వు అడిగితే నిజమే చెప్పేదాన్ని. నువ్వు కాదు అడుగుతుండేది అనుకున్నా.

ఆ పడవలో నేనూ, మా అమ్మా, రెండు బుట్టల మెత్తళ్ల చేపలూ. మార్చుకోడానికి ఇంకో బిడ్డ యాడ నుంచి వస్తుంది? బొడ్డు కోసింది మా అమ్మ, చేపలు కోసే కత్తి కాల్చి కోసింది. బిడ్డ ఏడవలేదు, కాళ్లు పట్టి తలకిందులుగా ఊపితే అప్పుడు ఏడ్చింది. ఇంకేం సాక్ష్యం తెచ్చేది నేను?

నేనెవరినో తెలియదని ఇంకోసారి రాయబాక. ఇక రాయలేను.

అవ్వ


హైదరాబాదు
1 అక్టోబరు 2024

అవ్వా,

మెట్ల మీదే చదివి అక్కడే కూర్చున్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియక షాహనా నీళ్లు తెచ్చి మొహాన కొట్టింది.

పెద్దసారుకి అంతా చెప్పేశాను. చూడకూడనిది చూసినందుకు తిట్టారు, నిలబెట్టి తిట్టారు. ముప్పై ఏడుని లెక్కలోంచి తీసేశారు. జమాల్‌బీ ఒప్పుకుంటే తప్ప ఆమెది వాడకూడదు. ఉంచమంటుందో పారేయమంటుందో అడిగి రాయి.

తప్పు ముడి అని నేను వలలో ముడినే అన్నాను. నిన్నూ అనలేదు, అమ్మనీ అనలేదు. ఆ మాట నీకెట్లా గుచ్చుకుందో నేను ఆలోచించలేదు. పుస్తకాల్లో ఉన్నదాన్ని మన మాటలో చెప్తున్నానని మురిసిపోయాను.

మామ ఫోను చేశాడు, జాగా తన పేరుకి మారిందంట. ఇక ఆ భయం వదిలెయ్. మళ్లీ గొట్టమూ వద్దు, ఉమ్మీ వద్దు. నాకు నీ మాట చాలు.

వనజ


నడిమికుప్పం
15 అక్టోబరు 2024

అమ్మణ్ణీ వనజాక్షికి,

ఒళ్లు ఎట్టుండాది? మొహాన నీళ్లు కొడితే మళ్లీ జలుబు చేయలేదు గదా? నిలబెట్టి తిట్టినప్పుడు మీ సారుకి ఆయాసం రాలేదా? ఉద్యోగానికేమీ కాదు గదా? షాహనా చల్లగా ఉండాలి.

జమాల్‌బీని అడిగినా. ‘పాత ముడులు కలిసినాయా? అయితే ఎప్పటి చుట్టాలమో. ఇంక రొయ్యలు చుట్టాల రేటుకి ఇయ్యి వదినా’ అంది. పారేయబాకని చెప్పమంది, సంతకం పెడతానంది. ‘ఈసారి నా పేరుతోనే పెట్టమను. నీ పేరుంటే నీ భయాలు నాకు అంటుకుంటాయి’ అంది.

నా మాట చాలని రాసినావు. కాగితం వెనక్కి తిప్పి తడిమి చూసినా. ఆ ఒక్క మాటే రెండు సార్లు రాసినావు, కొట్టేసి దాని మీదే మళ్లీ రాసినావు. నిజంగా చాలినోళ్లు ఒకసారే రాస్తారు.

నాకూ చాలడం లేదు అమ్మణ్ణీ. మీ అమ్మ పడవలో పుట్టింది, దాంట్లో నాకు అనుమానం లేదు. నువ్వు ఆస్పత్రిలో పుట్టినావు. ఆ పూట అక్కడ ఇంకో ఇద్దరికి కాన్పులైనాయి. తుడిచి తెస్తామని నిన్ను లోపలికి తీసుకుపోయినారు, నేను తలుపు బయట ఉండా. మళ్లీ తెచ్చి నా చేతుల్లో పెట్టినారు. ఇన్నేళ్లలో ఆ తలుపు నాకు ఒక్కసారన్నా గుర్తు రాలేదు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి పొయ్యి ముందు కూర్చున్నా అదే, వల పట్టుకున్నా అదే. నీ చెవులు మీ అమ్మ చెవులే అనుకుంటా, మళ్లీ మీ అమ్మ చెవులు ఎట్టా ఉండేవో గుర్తు రాదు. జాగా భయం పోయిందని నువ్వన్నావు. పోయింది, దాని చోటులో ఇది వచ్చి కూర్చుంది.

ఇది నీకు రాయకూడదనుకున్నా. రాయకపోతే నువ్వొకతివి అక్కడ, నేనొకతిని ఇక్కడ, ఇదే అనుకుంటా ఉంటాం.

అందుకని నేనే వస్తుండా. రైలంటే నాకు భయం, మెట్లు కదిలే స్టేషన్లంటే ఇంకా భయం, మీ ఆఫీసులో ఏం ముట్టుకుంటే ఏం పగులుద్దోనని భయం. అయినా వస్తుండా. చూడకూడనిది మళ్లీ నువ్వు చూడబాక. సారునే అడుగు, ముసలిదాని ఉమ్మి తీసుకుని ఆయన చేత్తో చూడమను. రూలు ఒప్పుకోకపోతే బయట డబ్బులిచ్చి చూపించుకునే చోటు ఉంటే అక్కడికి తీసుకుపో. ముందు రోజు నుంచే ఆకువక్క మానేస్తా. నీ కళ్ల ముందరే ఉమ్ముతా.

కలవకపోతే నాకు చెప్పొద్దని అడుగుదామనుకున్నా. అప్పుడు ఆ మాట నువ్వొక్కదానివే మోయాలి గదా, అందుకని అడగను. చెప్పు. ఇద్దరం ఒకచోట ఉన్నప్పుడు చెప్పు, నేను నీ చెయ్యి పట్టుకుని ఉంటా. నువ్వు వదిలిపోనని రాసినావు. నేనూ పోను. జవాబు రావడానికి ఎన్ని రోజులైతే అన్ని రోజులూ అక్కడే ఉంటా. మీ హాస్టల్లో ముసలోళ్లని ఉండనిస్తారేమో కనుక్కో. తిరుగు టికెట్టు కొనబాకని మీ మామకి చెప్పేసినా.

శనివారం సాయంత్రం నన్ను రైలెక్కిస్తాడు. నువ్వు స్టేషనుకి రా, నేను దిగిన చోటు నుంచి కదలను.

నీ అవ్వ
నాగులమ్మ

నేను దిగేది నవంబరు పది, ఆదివారం పొద్దున.